లాంతరు లేనిదే కదలని డాక్టరు

శ్రీకాకుళంలో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు చాటుగా ఒక పేరుండేది, లాంతరు డాక్టరు అని. పొద్దు వాలాక నేను వార్డుకి బయల్దేరితే ముందు ఒక మనిషి లాంతరు పట్టుకుని నడవాలి, వెనక నేను నడవాలి. పక్కగదికి వెళ్ళాలన్నా అంతే. "కుర్ర డాక్టరే గానీ దర్జా మాత్రం జమీందారుది" అని ఆసుపత్రిలో అనుకునేవారు. ఆ మాట నా చెవిన పడింది. కాదనకపోగా ఇంకాస్త తలెత్తుకుని నడిచేవాణ్ణి.

అసలు సంగతేమిటంటే నాకు రేచీకటి. పొద్దు వాలితే కళ్ళు కనపడని కంటి డాక్టర్ని నేను.

కంటి వైద్యం చదువుతున్న పిల్లలు ఇప్పుడు ఎవరైనా మా ఇంటికొచ్చి ఈ మాట వింటే ఫక్కున నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను. చివరిదాకా నవ్వగలనో లేదో చెప్పలేను. ఇది పందొమ్మిది వందల అరవైల చివర్లో జరిగిన సంగతి. ఇప్పటికీ తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

మాది రాజాం అవతల ఒక పల్లె. వరి, మా వైపు గంటెలనే సజ్జలు, కాస్త నువ్వులు పండించుకునే ఇల్లు. మా అమ్మా నాన్నా మేనరికం. ఊహ తెలిసినప్పట్నుంచీ దీపాలవేళ దాటితే నేను గుమ్మం దిగేవాణ్ణి కాదు. మా అమ్మ మేక కార్జం కాల్చి పెట్టింది, మునగాకు వండి పెట్టింది, ముక్కు మూసి చేపనూనె పోసింది. రేచీకటి ఉన్న మిగతా పిల్లలకి వాటితో నయమైంది. నాకు కాలేదు. అన్నయ్యలు పిరికిగొడ్డు అని వెక్కిరించేవారు. చీకటంటే భయమని పేరు పడినా ఫరవాలేదు, కళ్ళు లేవని పేరు పడకూడదని మా అమ్మ అసలు సంగతి ఎవరికీ చెప్పొద్దంది. అలా అబద్ధం ఆడటం నాకు అన్నం తినడమంత అలవాటైపోయింది.

మరి కంటి వైద్యమే ఎందుకు తీసుకున్నావని అడుగుతారు. నా జబ్బేమిటో తెలుసుకుందామనే తీసుకున్నాను. తీరా పుస్తకంలో ఆ పేజీ వచ్చేసరికి తెలుసుకోవాలన్న కోరిక చచ్చిపోయింది. కార్జానికీ చేపనూనెకీ లొంగని రేచీకటి ముఖ్యంగా రెండు రకాలని అందులో ఉంది. ఒక రకంలో కంటి వెనక ఉండే పొర, అదే రెటీనా, అంచుల నుంచి ఎండుకుంటూ వస్తుంది. ముందు రాత్రిచూపు పోతుంది, తర్వాత పక్కచూపు పోతుంది, ఆఖరికి ఎదురుచూపు, అంటే సూటిగా ఎదురుగా ఉన్నది చూసే చూపు కూడా పోతుంది. రెండో రకం చాలా అరుదు. అది పుట్టుకతో వస్తుంది, ఉన్నచోటే ఉంటుంది, పెరగదు. నాది ఏ రకమో ఎవరో ఒకరు నా కంట్లోకి చూసి చెప్పాలి. కంటి డాక్టరు ఎంతటివాడైనా తన కంటి వెనక పొరని తను చూసుకోలేడు కదా.

కాలేజీలో మేము జంటలుగా కూర్చుని ఒకరి కంట్లోకి ఒకరు చూసి నేర్చుకునేవాళ్ళం. నేను అందరి కళ్ళూ చూశాను, నా కళ్ళు ఎవరికీ చూపించలేదు. చుక్కల మందు నాకు పడదని, తలనొప్పి వస్తుందని తప్పించుకున్నాను. అలా తప్పించుకుంటూనే పట్టా పుచ్చుకుని, శ్రీకాకుళంలో వర్తకులు నడిపే ఒక చిన్న ధర్మాసుపత్రిలో చేరాను. అక్కడ నాపైన పెద్ద డాక్టరు గారు ఒకరుండేవారు. రోగి వస్తే ముందు ఏ ఊరు అని, తర్వాత ఈ ఏడు పంట ఎలా ఉందని అడిగి, అప్పుడుగాని రెప్ప ఎత్తి చూసేవారు కాదు. మామూలుగా పుస్తకంలో భాష మాట్లాడేవారు, కోపమొస్తే మాత్రం మా యాస బయటపడేది. సిస్టరమ్మ ఒకావిడ, లాంతరు పట్టే వార్డు మనిషి ఒకడు. మా ఆసుపత్రి దాదాపు అంతే.

ఒకరోజు ఉదయం రాజాం వైపు నుంచి ఒక రైతు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటాడు. పంటరోజుల్లో రాత్రిపూట ధాన్యం బండి రాజాం కొట్లకి తోలతాడట. ఏమయిందని అడిగాను.

"రేత్రి కనిపించదు బాబూ. సిన్నప్పట్నించీ అంతే. అది అలవాటైపోనాది. ఇప్పుడు పగలు కూడా పక్కనుంచి వొచ్చినోలు కనిపించట్నేదు. మొన్న మా మునసబు గారిని ఎల్లి గుద్దీసినాను. పొద్దున్నే తాగీసినావేట్రా అని తిట్టినారు."

గోడమీది చార్టు చూపిస్తే ఆఖరి వరస దాకా చెప్పాడు. ఎదురుగా ఉన్నదాన్ని గద్దలా చూస్తున్నాడు, పక్కనున్న స్టూలు మాత్రం తన్నుకుంటున్నాడు. చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక దీపం పెట్టి లోపలికి చూశాను. ఎర్రటి పొర అంచుల నిండా నల్లటి మచ్చలు, సన్నటి కాళ్ళు చాచి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. రక్తనాళాలు దారాల్లా సన్నబడిపోయాయి. పుస్తకంలో మొదటి రకం అని చదివానే, అది. అంత స్పష్టంగా నేను అప్పటిదాకా బొమ్మలోనే చూశాను.

"సార్, రండి! సిస్టర్, మీరూ రండి! అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది!" అని కేకేశాను.

అందరూ వచ్చి వంతులవారీగా అతని కంట్లోకి చూశారు. అతను నోరారా నవ్వుతూ కూర్చున్నాడు. డాక్టరు ఇంత సంబరపడుతున్నాడంటే ఇదేదో మంచి వార్తే అనుకున్నాడు పాపం. పెద్ద డాక్టరు గారు నల్లగుడ్డ మీద తెల్లపూస జరిపి పక్కచూపు ఎంత మిగిలిందో కొలిచి, నా భుజం మీద చెయ్యేసి, "కూర్చోబెట్టి చెప్పు. తొందరపడకు" అని ఆపరేషనుకి వెళ్ళిపోయారు.

నేను కూర్చోబెట్టలేదు. బయట వరసలో జనం చూస్తుండగా, నిలబెట్టి చెప్పాను. ఈ జబ్బు తగ్గదని, చూపు పోతుందని, మందు లేదని చెప్పాను.

అతని నవ్వు వెంటనే పోలేదు, కాసేపు అలాగే ఉండిపోయింది. పెళ్ళామే అడిగింది.

"సుక్కల మందైనా నేదా బాబూ?"

"లేదు."

"సూదులేటైనా?"

"లేదన్నాను గదా!"

"మరి మందే నేకపోతే అందర్నీ అలగ పిలిసి సూడండి సూడండి అన్నారేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. సమాధానం లేనివాడికి వచ్చే కోపం అది. ఆవిడ మీద అరవడానికి నోరు రాక మొగుడి మీద అరిచాను. రాత్రిపూట బండి తోలడం మానెయ్యి, లేకపోతే ఎవరినో చంపుతావు, జైలుకి పోతావు అన్నాను.

"బండి నాను తోల్తానేటి బాబూ?" అన్నాడతను మెల్లగా. "ఎడ్లు తోల్తాయి. ముందు బండికి కిందన లాంతరు కట్టుంటాది, దాని ఎనకాల అవి ఎల్లిపోతాయి. నాను ఊరికే కూకుంటాను."

ముందు ఒక లాంతరు, దాని వెనక ఒక గుడ్డి మనిషి. "సరే, వెళ్ళండి. తర్వాత ఎవరు?" అని కేకేశాను. పెళ్ళాం భుజం మీద చెయ్యేసుకుని అతను వెళ్ళిపోయాడు. అతని జబ్బు గురించి ఆ వేళ నేను చెప్పిందంతా నిజమే. చెప్పిన తీరుకి మాత్రం నా చెంప పగలగొట్టాల్సింది. నాకు అతని మీద కోపం లేదు. నన్ను నేను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసుకున్నట్టయింది, ఆ భయం అలా బయటపడింది. అది నాకు తెలుసు గానీ అతనికి తెలియదు కదా.

కోతలయ్యి నూర్పిళ్ళు ముగిసిన రోజుల్లో రాజాంలో కంటి శిబిరం పెట్టాం. బడికి సెలవిచ్చి గదులు మాకిచ్చారు. ఒక గదిలో బల్లలు కలిపి ఆపరేషన్లు, మిగతా గదుల్లో నేల మీద గడ్డి పరిచి, చాపలేసి, రోగుల్ని రెండు వరసలుగా పడుకోబెట్టడం. శుక్లం తీశాక రెండు కళ్ళకీ కట్టు కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసకమూటలు పెట్టేవాళ్ళం. ఇప్పటిలా గంటలో లేచి ఇంటికెళ్ళే రోజులు కావవి. కోసిన చోటు గట్టిపడటానికి వారం పట్టేది. ఈలోగా రోగి ఉలిక్కిపడినా, గట్టిగా దగ్గినా గాయం విచ్చుకుని కన్నే పోయేది. దగ్గొచ్చే ముసలాళ్ళని చూసి మేము దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్ళం.

ఆ గడ్డి తోలుకొచ్చిన బండివాడు మరెవరో కాదు, అతనే. అత్తగారిని కూడా శుక్లం తీయించడానికి తెచ్చాడు. ఆవిడ అతనికి సొంత మేనత్త కూడాను. నన్ను చూసి, నేనేదో మేలు చేసిన మనిషినన్నట్టు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. నేను కత్తెరలు లెక్కపెట్టుకుంటున్నట్టు తల తిప్పుకున్నాను. ఆవిడకి ఆపరేషను పెద్ద డాక్టరు గారు చేశారు. మూడో క్లాసు గదిలో, నడిచే దారి పక్కన పడుకోబెట్టారు.

ఆ వేళ మబ్బు పట్టి తొందరగా చీకటి పడింది. బడికి కరెంటు లేదు. కిరసనాయిలు అయిపోవస్తోందని మా వార్డు మనిషి ఉన్న ఒక్క లాంతరూ పట్టుకుని బజారుకెళ్ళాడు. ఆపరేషను గదిలో దూలానికి వేలాడదీసిన పెట్రోమాక్సు వెలుగులో నేను సామాను సర్దుతున్నాను. ఆ వెలుగులో ఉన్నంతసేపూ నేను మనిషినే. అప్పుడు సిస్టరమ్మ అవతలి గది నుంచి పిలిచింది.

"డాక్టరు గారూ, బేగి రండి! ఈ తాతగారు కట్టు పీకీసుకుంటన్నారు!"

నాకు కనపడదు, దీపం తెండి అంటే సరిపోయేది. ఇంత చిన్న మాట. నా నోట్లోంచి వచ్చింది మాత్రం "వస్తున్నా."

అవతలి గదికి దారి మూడో క్లాసు గది లోంచే. మిగతావాళ్ళకి అది మసకచీకటి. నాకు కళ్ళకి గంతలు కట్టినట్టే. మధ్యదారి ఎక్కడుందో పగలు చూశాను కాబట్టి ఆ గుర్తుతో కాలు ముందుకు జార్చి, నేల తడుముకుంటూ, కాస్త కాస్త బరువు వేస్తూ నడిచాను. నడిచాననే అనుకున్నాను. ఎక్కడో పక్కకి తిరిగిపోయాను. బూటు కింద మెత్తగా ఏదో తగిలింది.

"ఆగండి," అని కాళ్ళ దగ్గర ఒక గొంతు, చాలా మెల్లగా. "కదలకండి బాబూ. ఆ కాలు అలాగే ఎనక్కి తీసుకోండి. మెల్లగ... మా అత్త నిద్దరోతంది."

నేను తొక్కింది అతని చేతిని. ఆ చెయ్యి అతని అత్తగారి తల పక్కన చాప మీద పరిచి ఉంది. ఇంకో అర అడుగు పడితే కట్టు కట్టిన ఆ కంటి మీద నా బూటు పడేది. "ఇక్కడెందుకు పెట్టావు చెయ్యి?" అన్నాను. తొక్కిన నేనే మళ్ళీ అడుగుతున్నాను చూడండి.

"నాకు కనిపించదు గదా బాబూ. ఎవులొస్తన్నారో, ఎటేపు అడుగేస్తన్నారో తెలీదు. అందుకే అత్త తలకాడ సెయ్యేసుకుని కూకున్నాను. ఎవులైనా తొక్కితే ముందు నన్నే తొక్కుతారు, అప్పుడు నాను కేకేస్తాను."

అంతటితో ఆగుతాడేమో అనుకున్నాను. గొంతు ఇంకా తగ్గించాడు.

"తమరు కాలితో ఎతుక్కుంటా నడుస్తన్నారు. కళ్ళున్నోలు అలగ నడవరు. ఆ అడుగు నాకు తెలుసు బాబూ, అది నా అడుగే. తమరికీ నాలాగేనేటి?"

నేను సమాధానం చెప్పేలోగా బజారు నుంచి లాంతరు వచ్చింది. వార్డు మనిషి వెలుగు ఎత్తి చూసి, "అయ్యో, ఆ సేతికి రకతమేటి?" అన్నాడు. నా బూటు అడుగున ఉన్న మేకు దిగింది.

"ఏటీ నేదు," అన్నాడతను. "నానే దారికి అడ్డం ఎట్టీసినాను."

ఆ మాట పట్టుకుని అయినా నేను నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. "పద, ముందు నడు" అని వార్డు మనిషికి లాంతరు చూపించి, ఎప్పటిలా దాని వెనక తలెత్తుకుని అవతలి గదికి నడిచాను. కట్టు పీక్కుంటున్న తాతకి కట్టు సరిచేశాను. ఆ రెండు గదుల మధ్య నడిచిన నడక నా జీవితం మొత్తంలో నేను నడిచిన నీచమైన నడక. పేరు కాపాడుకోవడానికి ఒక ముసలమ్మ కన్ను పణంగా పెట్టాను. ఆ కన్నుని కాపాడినవాణ్ణే దోషిగా నిలబడనిచ్చాను. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

తర్వాత అతన్ని వరండాలోకి పిలిచి, లాంతరు వెలుగులో చేతికి మందేసి కట్టు కట్టాను. కట్టడం అవగానే వార్డులో దీపం కావాలని ఆ లాంతరు పట్టుకుపోయారు. చీకట్లో ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చున్నాం. ఎక్కడికీ లేచి వెళ్ళగలిగే స్థితి ఇద్దరికీ లేదు.

"నాకు సూపు పోతాదని తమరు సెప్పినారు," అన్నాడతను. "మరి తమరికెవులు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. నేను చూపించుకోలేదు."

"కంటి డాక్టరయ్యుండీ సూపించుకోనేదా! బయమేటి?"

తల ఊపాను. ఆ ఊపు చూడటానికి అక్కడ కళ్ళున్నవాడు లేడని ఆలస్యంగా తట్టింది. అవునని నోటితో చెప్పాల్సి వచ్చింది. మా అమ్మకి తప్ప ప్రపంచంలో మరొకరికి ఆ మాట చెప్పడం అదే మొదలు.

అతను గోడ వెంబడి నా వైపు జరిగిన చప్పుడైంది.

"రేపు పొద్దున్న పెద్ద బాబుకి సూపించండి. నాను పక్కన కూకుంటాను," అన్నాడు. "ఒక్కరూ ఇనగూడదు బాబూ అలాంటి మాట. ఆ వేళ మా ఆడది పక్కనుండబట్టి సరిపోనాది. నిల్సోని ఇన్నానేమో, కాళ్ళు ఒణికిపోయి బస్సెక్కలేకపోనాను."

తిట్టాలని అన్న మాట కాదది. తిట్టి ఉంటే నాకు ఎంతో నయంగా ఉండేది.

పొద్దున్నే ధైర్యమంతా జారిపోయింది. తెల్లారితే నాకు అన్నీ కనపడతాయి కదా, మళ్ళీ దొరనయ్యాను. కట్లు మార్చాలి, ఇంకా పని ఉంది అని అటూ ఇటూ తిరుగుతున్నాను. అతను వచ్చి పెద్ద డాక్టరు గారి గది గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాడు. పిలవలేదు, సైగ చెయ్యలేదు. చేతికట్టు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. ఆ గుమ్మం ముందు నుంచి ఒకసారి దాటాను, రెండోసారి దాటాను. మూడోసారి దాటలేక లోపలికి వెళ్ళి చెప్పేశాను. రేచీకటి గురించీ, లాంతరు దర్జా గురించీ, రాత్రి తొక్కిన చెయ్యి గురించీ అన్నీ చెప్పాను.

పెద్ద డాక్టరు గారి మొహం ఎర్రబడింది.

"ఏటి సెప్తన్నావురా నువ్వు? ఇన్నాళ్ళు నా పక్కన నిల్సోని కత్తి పట్టినావు, ఒక్కమాట సెప్పాలనిపించనేదా? ఆ ముసల్దాని కన్ను పోతే ఎవుడిస్తాడు, నువ్విస్తావా?" అని బల్ల మీద చరిచారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలిపోయి, తన మామూలు భాషలోకి వచ్చారు. "నీ సిగ్గు సరే. నా సంగతేమిటి? రోజూ కళ్ళు చూసేవాణ్ణి. నా పక్క మనిషి లాంతరు లేనిదే కదలకపోతే పొగరనుకున్నాను తప్ప, జబ్బు అనుకోలేదు. కూర్చో."

అది అయిదో క్లాసు గది. నల్లగుడ్డ శ్రీకాకుళంలో ఉండిపోయింది కాబట్టి నల్లబోర్డు మీదే పరీక్ష చేశారు. బోర్డు మధ్యలో సుద్దతో చుక్క పెట్టారు. నేను ఒక కన్ను మూసుకుని, రెండో కన్ను ఆ చుక్క మీద నుంచి తిప్పకూడదు. సిస్టరమ్మ గొడుగు ఊచ చివర సుద్దముక్క గుచ్చి అంచుల నుంచి మెల్లగా లోపలికి జరుపుతుంది. కనపడగానే చెప్పాలి. ఎంతోమందికి నేనే చేసిన పరీక్ష. బెంచీ ఇటువైపు కూర్చుంటే ఎలా ఉంటుందో ఆ వేళే తెలిసింది. నా పక్కన అదే బెంచీ మీద అతను కూర్చున్నాడు. అతని మోచెయ్యి నా మోచేతికి తగులుతూ ఉంది.

"కనపడింది," అన్నాను. ఇంకోవైపు నుంచి, "కనపడింది." పైనుంచి, కిందనుంచి. బోర్డు అంచు దాటి గోడ మీదికి పోయినా కనపడుతూనే ఉంది.

తర్వాత చుక్కలు వేశారు. పాపలు పెద్దవయ్యేదాకా ఎదురుచూసి, పెద్ద డాక్టరు గారు నా మొహానికి మొహం ఆనించి కంట్లోకి చూశారు. ఆయన శ్వాస నా చెంప మీద తగులుతోంది. అటు చూడు, ఇటు చూడు, పైకి చూడు అన్నారు. రెండో కన్ను కూడా చూశారు. చిన్నప్పటికీ ఇప్పటికీ ఏమైనా హెచ్చిందా అని అడిగారు. లేదన్నాను.

"అంచుల దాకా శుభ్రంగా ఉంది. ఒక్క మచ్చ లేదు," అన్నారాయన లేచి నడుం పట్టుకుని. "నీది పుట్టుకతో వచ్చిన రకం. పెరగదు, తరగదు. రాత్రికి లాంతరు కావాలి, అంతకంటే ఏమీ కాదు."

అప్పుడు నేను చేసిన పని ఉంది చూశారా, దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఎగిరి గంతేశాను. ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను. "బతికిపోయాను సార్! బతికిపోయాను! నాది ఆ జబ్బు కాదు!" అని బడంతా వినపడేలా అరిచాను, ఏడ్చాను, నవ్వాను. నాది ఆ జబ్బు కాదు అని మళ్ళీ మళ్ళీ అన్నాను. ఆ జబ్బున్న మనిషి నా పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నాడని ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. సిస్టరమ్మ మొహం చూసి గుర్తొచ్చింది.

వెనక్కి తిరిగాను. అతను నవ్వుతున్నాడు. శ్రీకాకుళంలో నా సంబరం చూసి నవ్విన నవ్వే.

"పోన్లెండి బాబూ," అన్నాడు. "మనిద్దర్లో ఒకలికైనా మంచిమాట వొచ్చినాది."

మొదటిసారి అతని జబ్బు చూసి సంబరపడ్డాను, రెండోసారి అది నాకు లేదని సంబరపడ్డాను. రెండుసార్లూ అతని ముందే. మొదటిసారి కుర్రతనమని సరిపెట్టుకోవచ్చు. రెండోసారికి నాకు ఏ సాకూ దొరకలేదు, ఇప్పుడు వెతకడం కూడా మానేశాను. అతని పక్కన బెంచీ మీద కూర్చుని క్షమించమన్నాను. "మీరు" అని పిలిచాను, మొట్టమొదటిసారి. అతను కంగారుపడి, "అలగనకండి, నాకు కాళ్ళాడవు" అన్నాడు. శ్రీకాకుళంలో చెప్పాల్సిన పద్ధతిలో ఆ వేళ మళ్ళీ చెప్పాను. ఎదురుచూపు చాలాకాలం మిగలొచ్చని, ఎండలో టోపీ పెట్టుకోమని, చేతికర్ర తీసుకోడానికి సిగ్గుపడొద్దని, పిల్లల్ని ఒకసారి తెచ్చి చూపించమని చెప్పాను. సిగ్గుపడొద్దు అన్న మాట దగ్గర అతను నన్ను ఎగాదిగా చూశాడు. అప్పుడు ఇద్దరికీ నవ్వొచ్చింది.

కట్లు విప్పిన రోజున అత్తగారి కన్ను చక్కగా ఉంది. ఆవిడ నన్ను పరకాయించి చూసి, "నువ్వేనేటి డాక్టరు బాబువి? గొంతు ఇంటే ఎర్రగా ఉంటావనుకున్నాను, ఇంత నల్లగున్నావేటి?" అంది. మా వార్డు మనిషి పడీ పడీ నవ్వాడు. వాడికీ సిస్టరమ్మకీ అప్పటికే అసలు సంగతి తెలుసు, నేనే చెప్పాను. పొద్దు వాలాక నేను ఏ రోగినీ ముట్టకూడదని పెద్ద డాక్టరు గారు కట్టడి చేశారు. లాంతరు మాత్రం మానలేదు. లాంతరు డాక్టరు అన్న పేరు కూడా పోలేదు, ఉద్యోగం విడిచేదాకా ఉంది. అప్పట్నుంచీ ఆ పేరు వింటే తలెత్తుకోవడం మానేశాను, అంతే.

ఏటా నూర్పిళ్ళయ్యాక ఆ రైతు శ్రీకాకుళం వచ్చేవారు. నేను నల్లగుడ్డ మీద పూస జరిపి, కనపడినంత మేర సుద్దతో గీత గీసేవాణ్ణి. మొదట్లో అది చేటంత ఉండేది, తర్వాత విస్తరాకంత, ఆ తర్వాత ఏటేటా ఇంకా చిన్నది. నేను చేయగలిగిందేమీ లేదు. అయినా వచ్చేవారు. గుమ్మంలో అడుగు పెడుతూనే నన్నే ముందు అడిగేవారు, "తమరి సూపెలాగున్నాది బాబూ?" అని. అలాగే ఉందని చెప్పేవాణ్ణి. ఆ మాట చెప్పడానికి ప్రతి ఏడూ నా నాలుక తడబడేది. "అలాగే ఉండాల," అనేవారు. అప్పుడుగాని బెంచీ మీద కూర్చునేవారు కాదు.

నేను ఆయన్ని ఆఖరుసారి చూసినప్పుడు పట్టపగలు, ఎండ పెళ్ళున కాస్తోంది. పెళ్ళాం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. బండి అమ్మేశారట. గుమ్మంలో ఆగి, మొహం సిస్టరమ్మ వైపు తిప్పి, ఎప్పటిలాగే అడిగారు.

"తమరి సూపెలాగున్నాది బాబూ?"

"బావా, డాక్టరు బాబు ఇటేపున్నారు," అని పెళ్ళాం ఆయన భుజం పట్టి నా వైపు తిప్పింది.

ఆ కళ్ళలోకి చూశాను. తల ఊపాను. ఆయన అలాగే ఎదురుచూస్తూ నిలబడ్డారు. వరండాలో చేసిన పొరపాటే మళ్ళీ చేశానని అప్పుడు తెలిసింది.

"అలాగే ఉంది," అని నోటితో చెప్పాను.

"మంచిది బాబూ," అని ఆయన చెయ్యి ముందుకు చాపి బెంచీ కోసం తడుముకున్నారు.